కుబ్లాయ్ ఖాన్ (1215–1294): గెలిచిన నేలను ఏలిన తీరు, ఆయన వదిలి వెళ్లిన వారసత్వం

పాఠశాల_మాస్టారు:
మంగోలుల ప్రస్తావన రాగానే మనలో చాలామందికి చెంగిజ్ ఖాన్, గుర్రపు దండు, తగలబడిన నగరాలు మాత్రమే గుర్తుకు వస్తాయి. ఆయన మనవడు కుబ్లాయ్ ఖాన్ జీవితాన్ని విడిగా, నింపాదిగా పరిశీలించవలసిన అవసరం ఉందని నా నమ్మకం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. కుబ్లాయ్ గొప్పతనం దక్షిణ చైనాను జయించడంలో కంటే, రైతు బతికితేనే ఖజానా బతుకుతుందని తన జాతి పెద్దలందరికంటే ముందుగా గ్రహించడంలో ఉంది. ఆ గ్రహింపు సడలిన చివరి పదిహేనేళ్లలోనే ఆయన కట్టిన రాజ్యానికి బీటలు పడ్డాయి.

ఇందుకు మూలం ఆయన యౌవనంలో కనిపిస్తుంది. చెంగిజ్ కొడుకు ఓగెదేయ్ ఖాన్ కాలంలో ఉత్తర చైనా పొలాలను పచ్చిక బయళ్లుగా మార్చి గుర్రాలను మేపుకుందామని కొందరు మంగోలు ప్రముఖులు ప్రతిపాదించారు. ఆ రైతులను బతకనిచ్చి పన్ను వసూలు చేస్తే ఏటా 5 లక్షల లియాంగుల (పాత చైనా తూకం) వెండి, 4 లక్షల షిల (ధాన్యపు కొలత) ధాన్యం వస్తాయని యేలూ చుత్సాయ్ అనే మంత్రి లెక్క కట్టి చూపించి ఆ ప్రతిపాదనను ఆపగలిగాడు. కుబ్లాయ్‌కి దక్కిన షింగ్‌జౌ జాగీరులో కూడా సరిగ్గా ఇదే సమస్య తలెత్తింది. ఆయన దూరంగా మంగోలియాలో ఉండగా వసూలుదారులు రైతులను పీల్చి పిప్పి చేయడంతో పదివేలకు పైబడి ఉన్న కుటుంబాలు కొన్ని వందలకు పడిపోయాయి. అప్పుడు ఆయన ఆ వసూలుదారులను తొలగించి, చైనా అధికారులను నియమించి, పన్నును క్రమబద్ధం చేయగా పారిపోయినవారు మళ్లీ ఊళ్లకు చేరుకున్నారు. తల్లి సోర్ఘఘ్తని బేకి కూడా తన జాగీరులో రైతుల పట్ల ఇదే విధానాన్ని పాటించింది. నలుగురు కొడుకులను నలుగురు పాలకులుగా తీర్చిదిద్దిన ఆ తల్లి పాత్రను ఎంత చెప్పుకున్నా తక్కువే.

నాణేల_సంచి:
మాస్టారి పరిశీలనతో నేను ఏకీభవిస్తున్నాను. 1260 నాటి అంతర్యుద్ధం కూడా ఆయన మాటకే బలం చేకూరుస్తుంది. 1259 ఆగస్టులో అన్న మోంగ్కే ఖాన్ సిచువాన్‌లోని దియావోయు కోట ముట్టడి సమయంలో మరణించాడు. అప్పటికి కుబ్లాయ్ యాంగ్సీ నది దిశగా సైన్యాన్ని నడుపుతున్నాడు. చిన్న తమ్ముడు అరిక్ బోకే సైన్యాన్ని కూడగడుతున్నాడని భార్య చాబి రహస్యంగా కబురు పంపకపోతే ఆయన అక్కడే చిక్కుకుపోయేవాడేమో. 1260లో కుబ్లాయ్ కైపింగ్‌లో, అరిక్ బోకే కారకోరంలో విడివిడిగా తామే మహాఖానులమని ప్రకటించుకున్నారు. సంప్రదాయం ప్రకారం చూస్తే మంగోలియా గడ్డ మీద, పూర్వీకుల రాజధానిలో కూర్చున్న తమ్ముడి పక్షమే బలంగా కనిపించాలి. కానీ కారకోరం తిండిగింజలు చైనా నుంచి బళ్ల మీద రావలసిందే. కుబ్లాయ్ ఆ బళ్లను నిలిపివేశాడు. నాలుగేళ్లలో, 1264 నాటికి, అరిక్ బోకే లొంగిపోయాడు. గడ్డి మైదానపు వారసత్వ తగాదాను పంటపొలాలు తేల్చిన సందర్భం మంగోలు చరిత్రలో అంతకుముందు లేదు.

మేఘమాల:
ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. అయితే ఈ చర్చ గెలిచినవాడి వైపు నుంచే సాగుతోందన్న అసంతృప్తి నాకు కలిగింది. రైతు బతకాలన్న జ్ఞానం కలిగిన పాలకుడి సేనలే 1275లో చాంగ్‌జౌ నగరం లొంగనందుకు అక్కడి జనాన్ని ఊచకోత కోశాయి. ఆ సేనాని బయాన్‌ను మన పుస్తకాలు సంయమనం గలవాడని మెచ్చుకుంటాయి. 1276లో దక్షిణ చైనాను ఏలుతున్న సోంగ్ వంశపు రాజధాని హాంగ్‌జౌ రక్తపాతం లేకుండా లొంగిపోయిందన్నది నిజమే. కానీ చాంగ్‌జౌకు పట్టిన గతి కళ్ల ముందు ఉన్నందువల్లనే రాజమాత షియే ముద్రను అప్పగించిందని కూడా చెప్పాలి.

1279లో యామెన్ సముద్ర యుద్ధంలో ఓటమి ఖాయమైనప్పుడు లు షియుఫు అనే మంత్రి ఏడెనిమిదేళ్ల సోంగ్ బాల చక్రవర్తిని వీపున కట్టుకుని సముద్రంలోకి దూకాడు. బందీగా పట్టుబడిన సోంగ్ మంత్రి వెన్ తియాన్‌షియాంగ్‌ను కుబ్లాయ్ మూడేళ్లకు పైగా చెరలో ఉంచి, చివరకు స్వయంగా పిలిపించి మంత్రి పదవి ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. 1283 జనవరిలో ఆయనకు మరణశిక్ష అమలైంది. జయించిన తరువాత కూడా దక్షిణాది చైనీయులను మంగోలులు, పశ్చిమదేశస్థులు, ఉత్తర చైనీయులు అనే వర్గాల తరువాత నాలుగో స్థానంలో నిలబెట్టారు. కుబ్లాయ్ జీవితకాలంలో ఉద్యోగ పరీక్షలను పునరుద్ధరించనే లేదు. శతాబ్దాలుగా చదువే నిచ్చెనగా పైకి వచ్చిన సమాజానికి అది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి.

పాఠశాల_మాస్టారు:
మేఘమాల గారు చెప్పిన ప్రతి సంఘటనా జరిగినదే, దేనినీ తగ్గించి చూపే ఉద్దేశం నాకు లేదు. నేను చెప్పదలచుకున్నది వేరు. చెంగిజ్ కాలంలో ఊచకోత ఒక విధానంగా సాగగా, కుబ్లాయ్ కాలానికి అది లొంగని కోటలకు పరిమితమైన బెదిరింపుగా మారింది. ఈ తేడా లక్షలాది ప్రాణాల తేడా. పరీక్షల విషయంలో మాత్రం మీ విమర్శను పూర్తిగా అంగీకరిస్తాను. 1315లో గానీ అవి తిరిగి మొదలు కాలేదు. అహ్మద్ వంటి ఆర్థిక మంత్రుల మీద ఆధారపడవలసి రావడానికి ఆ లోటు కూడా ఒక కారణమే. తనకు తెలియని సమాజంలో పుట్టి పెరిగిన పండితులను నమ్మలేని పాలకుడు, ఖజానా నింపుతామని మాటిచ్చిన బయటివారిని నమ్మాడు.

నాణేల_సంచి:
ఖజానా ప్రస్తావన వచ్చింది కాబట్టి కాగితపు డబ్బు గురించి వివరంగా రాయాలని ఉంది. కుబ్లాయ్ పాలనను అర్థం చేసుకోవడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

కాగితపు నోట్లను ఆయన కనిపెట్టలేదు. సోంగ్ రాజులు, మంగోలులకు ముందు ఉత్తర చైనాను ఏలిన జిన్ రాజులు వాటిని అంతకు ముందే వాడారు. 1260లో గద్దె ఎక్కిన ఏడాదే కుబ్లాయ్ విడుదల చేసిన జోంగ్‌తోంగ్ నోట్ల ప్రత్యేకత ఏమిటంటే, వాటికి కాలపరిమితి లేదు, రాజ్యమంతటా చెల్లుతాయి, పన్నుగా కూడా స్వీకరిస్తారు. మల్బరీ చెట్టు లోపలి బెరడుతో చేసిన ముదురు రంగు కాగితం మీద పైభాగంలో నోటు విలువను చదువురానివాడు కూడా పోల్చుకునేలా నాణేల దండల బొమ్మ ముద్రించేవారు. కింద, దొంగనోటు తయారుచేసినవాడికి మరణశిక్ష, పట్టిచ్చినవాడికి వెండి బహుమానంతోపాటు నేరస్థుడి ఆస్తి అని రాసి ఉండేది. వాటి మీద ఎర్రని రాజముద్రలు వేసేవారు. మొదటి పదిహేనేళ్లు ప్రతి ప్రాంతంలోనూ వెండి నిల్వ ఉంచి, ఆ నిల్వకు తగినట్లే నోట్లు అచ్చు వేసినందువల్ల జనం వాటిని నమ్మారు. మార్కో పోలో ఆశ్చర్యపోయి వర్ణించినది ఈ నమ్మకాన్నే.

ఆ నమ్మకం 1276 తరువాత దెబ్బతింది. జయించిన దక్షిణాదిలో పాత సోంగ్ నోట్లను యాభైకి ఒకటి చొప్పున మార్చుకోమన్నారు. దానితో అక్కడి వ్యాపారులు దాచుకున్న సొమ్ము రాత్రికి రాత్రే ఆవిరైపోయింది. ఆ మార్పిడికీ, జపాన్ దండయాత్రకు ఓడల నిర్మాణానికీ అవసరమైన నోట్లను వెనుకాముందూ చూడకుండా అచ్చు వేశారు. అహ్మద్ ప్రాంతాల్లోని వెండి నిల్వలను రాజధానికి తరలించడంతో నోటు తెచ్చినవాడికి ఇవ్వడానికి స్థానిక ఖజానాలో వెండి లేకుండా పోయింది. 1282లో కుట్రదారులు అహ్మద్‌ను రాజధానిలోనే హతమార్చారు. అతని అక్రమాలు బయటపడిన తరువాత కుబ్లాయ్ ఆ శవాన్ని సమాధి నుంచి తవ్వించి అవమానించాడు. 1287లో మరో మంత్రి సంఘా కొత్త నోట్లు తెచ్చి, ఒక కొత్త నోటుకు ఐదు పాత నోట్లు అని ప్రకటించాడు. అంటే 27 ఏళ్లలో నోటు విలువ ఐదో వంతుకు దిగిందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది. సంఘాకు కూడా 1291లో మరణశిక్ష పడింది.

ఒక అనుబంధ విషయం కూడా చెబుతాను. 1294లో, అంటే కుబ్లాయ్ మరణించిన ఏడాదే, ఇరాన్‌లోని మంగోలు పాలకుడు గైఖాతు తబ్రీజ్ నగరంలో చైనా పద్ధతిలోనే నోట్లు విడుదల చేశాడు. బజార్లు మూతపడ్డాయి, సుమారు రెండు నెలలకే వాటిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. అచ్చు యంత్రాంగాన్ని అనుకరించడం ఎవరికైనా సాధ్యమే, వెనక ఉండవలసిన వెండిని, దశాబ్దాల అలవాటును అనుకరించడం సాధ్యం కాదు. మన ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ తెచ్చిన రాగి, ఇత్తడి టంకాల ప్రయోగానికి చైనా, ఇరాన్ ఉదాహరణలే ప్రేరణ అని పలువురు చరిత్రకారులు భావిస్తారు.

కాలువగట్టు:
నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కాబట్టి నేను కాలువల గురించే మాట్లాడతాను.

1267లో దాదు నగరానికి పునాది వేశారు. ఇప్పటి బీజింగ్ అదే. అంత పెద్ద రాజధానికి తిండి దక్షిణాది నుంచి రావాలి, పాత మహాకాలువ మాత్రం ఆ దిక్కుకు నేరుగా రాదు. 1289లో షాన్‌డాంగ్ కొండల మధ్యగా హుయితోంగ్ కాలువ తవ్వించడంతో దారి చాలా తగ్గింది. అయినా పడవలు తోంగ్‌జౌ దగ్గర ఆగిపోయేవి. అక్కడి నుంచి దాదు వరకు నేల ఎత్తు పెరుగుతుంది, దగ్గరలో సరిపడా నీరు లేదు. ధాన్యాన్ని బళ్లకు ఎక్కించి తోలవలసి రావడంతో వానాకాలంలో బురదలో పశువులు లెక్కలేనన్ని చచ్చేవి.

ఈ చిక్కును విప్పినవాడు గువో షౌజింగ్. ఆయన ఉత్తరాన ఉన్న బైఫు ఊటను ఎంచుకున్నాడు. ఆ ఊట నుంచి రాజధానికి సూటిగా కాలువ తీస్తే మధ్యలో రెండు నదుల పల్లం అడ్డువచ్చి నీరంతా అందులోకి జారిపోతుంది. అందువల్ల ఆయన నీటిని మొదట పడమటికి, అంటే గమ్యానికి ఎడంగా, కొండల పాదం వెంట తీసుకుపోయి, దారిలో చిన్న ఊటలన్నింటినీ కలుపుకుంటూ, తరువాత ఆగ్నేయంగా మళ్లించాడు. పదుల కిలోమీటర్ల పొడవున వాలు అతి స్వల్పంగా ఉండే ఆ దారిని గుర్తించాలంటే ఎత్తుల కొలత ఎంత కచ్చితంగా ఉండాలో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది. సముద్ర మట్టాన్ని ఆధారంగా తీసుకుని ఊళ్ల ఎత్తులను పోల్చే ఆలోచన కూడా ఆయనదే. దిగువన 24 తూములు కట్టి, వాటిని ఒకదాని తరువాత ఒకటి మూసి తెరుస్తూ పడవలను మెట్లు ఎక్కించినట్లు పైకి రప్పించాడు. 1292లో మొదలైన పని మరుసటి ఏడాదికే పూర్తయింది. 1293లో వేసవి రాజధాని షాంగ్‌డు నుంచి తిరిగి వస్తున్న కుబ్లాయ్, నగరంలోని జిషుయితాన్ చెరువులో నీరు కనపడనంతగా నిండిన పడవలను చూసి ఎంతో సంతోషించి, ఆ కాలువకు తోంగ్‌హుయి అని స్వయంగా పేరు పెట్టాడని కుబ్లాయ్ వంశమైన యువాన్ రాజవంశ చరిత్ర చెబుతోంది. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు, మరణానికి కొద్ది నెలల దూరంలో ఉన్నాడు.

ఈ గువో షౌజింగే 1280లో ఏడాది పొడవును 365.2425 రోజులుగా లెక్కకట్టిన పంచాంగాన్ని సిద్ధం చేశాడు. ఐరోపాలో గ్రెగోరియన్ క్యాలెండర్ అదే సంఖ్యను స్వీకరించింది 1582లో. దీని కోసం రాజ్యమంతటా 27 చోట్ల పరిశీలనలు జరిపించడానికి కుబ్లాయ్ అనుమతి, ధనం ఇచ్చాడు.

తీరరేఖ:
కాలువగట్టు గారి వ్యాసం వంటి వ్యాఖ్యకు ధన్యవాదాలు. నేను సముద్రం వైపు వస్తాను, ఎందుకంటే కుబ్లాయ్ ప్రతిష్ఠ మునిగింది అక్కడే.

జపాన్ మీద 1274లో మొదటి దాడి, 1281లో రెండో దాడి జరిగాయి. మధ్యలో 1275లో వెళ్లిన రాయబారులను జపాన్ పాలకులు చంపించారు. రెండో దాడికి కొరియా నుంచి సుమారు 900 ఓడల్లో 40 వేలమంది, దక్షిణ చైనా నుంచి సుమారు 3,500 ఓడల్లో లక్షమంది బయలుదేరారని ఆ కాలపు లెక్కలు చెబుతాయి. ఈ సంఖ్యల్లో అతిశయోక్తి ఉందని వాదించేవారున్నారు. ఈ రెండు నౌకాదళాలు అనుకున్న సమయానికి కలుసుకోలేకపోయాయి. ఆగస్టులో తుపాను విరుచుకుపడేసరికి తకషిమా దీవి దగ్గర లంగరు వేసిన ఓడలు ఒకదానికొకటి గుద్దుకుని పగిలిపోయాయి. ఆ తీరంలో మట్టితో చేసిన పేలుడు గుండ్లు, లంగరు రాళ్లు, ఓడల శిథిలాలు నీటి అడుగున బయటపడ్డాయి. కుబ్లాయ్ ప్రవేశపెట్టిన ఫగ్స్‌పా లిపిలో చెక్కిన ఒక సైనికాధికారి కంచు ముద్ర కూడా అక్కడే దొరికింది. సముద్రం మీద మంగోలు పాలన ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో ఆ ముద్ర దొరికిన చోటు సరిగ్గా చూపిస్తుంది.

గ్రూప్స్_అభ్యర్థి:
నాదొక సందేహం. తుపాను రాకపోతే జపాన్ లొంగేదా? పాఠ్యపుస్తకాల్లో దైవికంగా వీచిన గాలే కాపాడిందని చదువుకున్నాము.

తీరరేఖ:
తుపాను ఒక్కటే కారణం అనడం సరికాదని నా అభిప్రాయం. మొదటి దాడి తరువాత జపనీయులు హకాతా తీరం పొడవునా సుమారు 20 కిలోమీటర్ల రాతిగోడ కట్టారు. ఆ గోడ వల్ల రెండోసారి వచ్చినవారు గుర్రాలతో ఒడ్డుకు దిగలేక వారాల తరబడి ఓడల్లోనే ఉండిపోయారు. అలా ఉండిపోబట్టే తుపానుకు చిక్కారు. దక్షిణాది నౌకాదళంలో ఎక్కువమంది రెండేళ్ల క్రితమే ఓడిపోయిన సోంగ్ సైనికులు అన్నది కూడా గుర్తుంచుకోండి. వారికి ఈ యుద్ధంతో సంబంధం ఏమిటి?

వియత్నాంలో 1288లో బాక్ డాంగ్ నది దగ్గర అక్కడి సేనాని ట్రాన్ హుంగ్ దావో మొనదేలిన కొయ్యలను నది అడుగున పాతించి, పోటు సమయంలో మంగోలు ఓడలను లోపలికి రప్పించి, నీరు తీసేటప్పుడు ఎదురుదాడి చేయడంతో ఓడలు కొయ్యలకు గుచ్చుకున్నాయి. జావా రాజు కృతనగరుడు 1289లో రాయబారి ముఖాన్ని గాయపరచి పంపాడన్న కోపంతో 1292లో చైనా రేవు చువాన్‌జౌ నుంచి నౌకాదళం బయలుదేరింది. అది చేరేసరికే ఆ రాజు తన సామంతుడి చేతిలో చనిపోయాడు. రాజు అల్లుడు రాదెన్ విజయ మంగోలు సేనల సాయంతో ఆ సామంతుణ్ణి ఓడించి, తరువాత అదే సేనల మీద విరుచుకుపడి తరిమేసి మజాపహిత్ రాజ్యాన్ని స్థాపించాడు. ఒక్క అవమానం కోసం పంపిన దండు మరొకరి సామ్రాజ్యానికి పునాది వేసి వచ్చింది.

శాసన_పాఠకుడు:
చువాన్‌జౌ పేరు వచ్చింది కాబట్టి మన దక్షిణ భారతంతో ఉన్న సంబంధాన్ని చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను. 1281లో ఆ రేవులో సంబంధ పెరుమాళ్ అనే తమిళ వర్తకుడు ఖాన్ అనుమతి పత్రంతో శివుణ్ణి ప్రతిష్ఠించాడని, అది ఖాన్ క్షేమం కోసమేనని తమిళంలో వేయించిన శాసనం దొరికింది. అందులోని ఖాన్ కుబ్లాయేనని పండితుల నిర్ణయం. అక్కడి శివాలయపు స్తంభాలు ఇప్పటికీ ఆ ఊరిలోని కైయువాన్ బౌద్ధాలయంలో కనిపిస్తాయి. కుబ్లాయ్ 1280 ప్రాంతంలో యాంగ్ తింగ్‌బి అనే రాయబారిని కొల్లం రేవుకు పంపాడు.

కుబ్లాయ్ కొలువు నుంచి 1292 ప్రాంతంలో తిరుగు ప్రయాణమైన మార్కో పోలో కథనంలో మన మోటుపల్లి కనిపిస్తుంది. ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలే రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడు దారమంత పలుచని నూలు వస్త్రాల గురించి అతడు చెప్పాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. అయితే ఆమెను రాజు భార్యగా, నలభై ఏళ్లుగా ఏలుతున్న వితంతువుగా చెప్పడం సరికాదు, ఆమె గణపతిదేవుడి కుమార్తె. చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లోనే మరణించిందని చాలామంది అంగీకరిస్తారు. కాబట్టి మోటుపల్లి గురించి అతడు రాసినది రేవు జనం నోట విన్న మాట కావచ్చు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరకును రాజులు కాజేసే పాత పద్ధతిని రద్దు చేసి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు మాట ఇచ్చింది. కుబ్లాయ్ కాలపు సముద్ర వ్యాపారం వర్ధిల్లడానికి మన తీరంలో ఇటువంటి హామీలు కూడా దోహదం చేశాయన్నది నా దృఢమైన అభిప్రాయం.

మేఘమాల:
మోటుపల్లి వివరం చదివి ఎంతో సంతోషించాను. వారసత్వం విషయంలో ఇంతవరకు ఎవరూ తాకని ఒక అంశం చెబుతాను. నేపాల్ నుంచి యువకుడిగా వచ్చిన అనిగె అనే నేవారీ శిల్పిని కుబ్లాయ్ ఆదరించాడు. దాదులో అతడు 1279 నాటికి పూర్తిచేసిన తెల్లని స్తూపం బీజింగ్ నడిబొడ్డున నేటికీ నిలిచి ఉంది. టిబెట్ లామా ఫగ్స్‌పాకు రాజగురువు పదవి ఇచ్చి, రాజ్యంలోని భాషలన్నింటికీ ఒకే లిపి తయారుచేయించాడు. 1269లో ప్రకటించిన ఆ లిపి ఆజ్ఞాపత్రాల మీద, నోట్ల మీద, ముద్రల మీద కనిపించినా జనం నోట్లో, ఇంట్లో పాతుకోలేదు. రాజ్యం పోగానే అది పోయింది. పై నుంచి రుద్దినవి పోయి, అవసరం కొద్దీ పుట్టినవి మిగిలాయి. రాజ్యాన్ని పెద్ద రాష్ట్రాలుగా విభజించిన పద్ధతి, బీజింగ్ రాజధాని కావడం, ఉత్తరానికి ధాన్యం తెచ్చే కాలువ మింగ్, చింగ్ రాజవంశాల కాలంలోనూ కొనసాగాయి.

నా మొదటి అభ్యంతరాన్ని మాత్రం నేను వదులుకోను. కుబ్లాయ్‌ను ధాన్యం లెక్కతోనే తూచాలన్న మాస్టారి కొలబద్దతోనే చూసినా, జపాన్, వియత్నాం, జావా ఓడల ఖర్చు మోసింది యాంగ్సీ దక్షిణ తీరపు రైతే. షింగ్‌జౌ రైతుల మొర విన్న చెవులకు ఈ రైతు మొర వినపడలేదు.

పాఠశాల_మాస్టారు:
ఈ చివరి మాటను నేను కాదనను. 1281లో చాబి, 1285 ముగిసేసరికి వారసుడిగా తీర్చిదిద్దిన కొడుకు జెంజిన్ మరణించారు. ఎదురు మాట చెప్పగలిగినవారు ఇద్దరూ లేకుండా పోయిన తరువాత ఆయన తిండికి, మద్యానికి బానిసై, కీళ్లవాతంతో బాధపడుతూ, మంత్రుల మీద పాలన వదిలేశాడు. అయినా 1287లో మంచూరియాలో మంగోలు రాకుమారుడు నాయన్ తిరుగుబాటు చేసినప్పుడు 72 ఏళ్ల వయసులో ఏనుగుల మీద అమర్చిన అంబారీలో కూర్చుని స్వయంగా యుద్ధానికి వెళ్లాడు. 1294 ఫిబ్రవరి 18న మరణించాడు. జెంజిన్ కొడుకు తెమూర్ గద్దె ఎక్కిన ఏడాదే వియత్నాం మీదికి సిద్ధం చేసిన కొత్త దండయాత్రను రద్దు చేశాడు.